ఓబీడీ రీడర్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

డాష్‌బోర్డు మీద ఇంజిన్ ఆకారంలో పసుపు దీపం వెలిగినప్పుడు దాని వెనుక కారణం ఏమిటో కారులోని కంప్యూటరు నమోదు చేసుకుంటుంది గాని, యజమానికి మాత్రం ఆ దీపం తప్ప మరేమీ కనిపించదు. ఆ నమోదును ఫోను తెర మీద చూపించే ఓబీడీ (ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్, అంటే కారు తన లోపాలను తానే గమనించుకునే ఏర్పాటు) రీడరును, వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ రకాన్ని, నా 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాకులో కొన్నేళ్లుగా వాడుతున్నాను. లోపం కోడును చదవడం దీని ఉపయోగాల్లో చిన్నది మాత్రమే. ఇంజిన్ నడుస్తుండగా మారే అంకెలను ఓపికగా గమనించేవారికి ఏ భాగం ఏ పని చేస్తుందో, ఒకటి తప్పితే మరొకటి ఎలా సర్దుకుంటుందో ఇది అర్థం చేయిస్తుంది. దీనికి నేను పెట్టే విలువ అక్కడే ఉంది.

దీన్ని గుచ్చే 16 పిన్నుల సాకెట్ సాధారణంగా స్టీరింగు కింద, డ్రైవరు మోకాళ్ల దగ్గర ఉంటుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయిన ఓబీడీ-2 పద్ధతి మన దేశపు కార్లకు 2013 ఏప్రిల్ నుంచి వర్తించింది కాబట్టి, అంతకంటే పాత బండి ఉన్నవారు కొనే ముందు తమ కారుతో ఇది పనిచేస్తుందో లేదో విచారించుకోవాలి. ఐఫోను వాడేవారు మరొకటి కూడా చూసుకోవాలి: పాత తరహా బ్లూటూత్ రీడర్లు దానితో కలవవు, వైఫై రకం గాని బ్లూటూత్ ఎల్ఈ రకం గాని తీసుకోవాలి.

కోడు అర్థమయ్యే విధానం కష్టమైనది కాదు. 'పీ' అక్షరం ఇంజిన్, గేర్‌బాక్సు వర్గాన్ని తెలుపుతుంది; దాని పక్కన సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉన్న కోడు, ఒకటి ఉంటే చాలావరకు ఆ కంపెనీ సొంత కోడు. ఒక వర్షాకాలంలో నా ఇంజిన్ మిస్సింగ్ కొడుతూ పీ0302 చూపించింది. రెండో సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదని దాని అర్థమే తప్ప, ఏ భాగం పాడైందో అది చెప్పదు: ప్లగ్గు కావచ్చు, దానికి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కావచ్చు. ప్రతి సిలిండరుకూ విడి కాయిల్ ఉన్న ఇంజిన్ కాబట్టి, మా మెకానిక్ రెండో కాయిల్‌ను మూడో సిలిండరు మీదికి, మూడో దాన్ని రెండో దాని మీదికి మార్చి బండి నడపమన్నాడు. కోడు పీ0303గా మారడంతో దోషం కాయిల్‌దేనని తేలింది. ఒక్క కాయిల్ మార్చడంతో పని ముగిసింది. నాలుగు ప్లగ్గులూ నాలుగు కాయిళ్లూ ఒకేసారి మార్చే ఖర్చుతో పోలిస్తే రీడరు ధర అక్కడే తిరిగి వచ్చింది.

పీ0420 విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు తగినంతగా పనిచేయడం లేదని ఈ కోడు సూచిస్తుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలు ఉండే ఆ భాగం చాలా ఖరీదైనది కాబట్టి, కోడు చూసి వెంటనే మార్పించుకోకూడదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టే సెన్సార్లలో కన్వర్టరుకు ముందున్న దాని వోల్టేజి నా కారులో 0.1 నుంచి 0.9 మధ్య వేగంగా ఊగుతుంది. వెనకనున్నది దాదాపు నిలకడగా ఉంటుంది. రెండూ ఒకే తీరున ఊగుతుంటేనే కన్వర్టరును అనుమానించాలి, అప్పుడు కూడా సైలెన్సరు గొట్టంలో లీకేజీ లేదని ముందు నిర్ధారించుకోవాలి.

ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె నాకు అన్నిటికంటే ఇష్టం. గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని సెన్సారు చెబితే కంప్యూటరు అదనంగా ఎంత శాతం కలుపుతున్నదో అది చూపిస్తుంది. సాధారణంగా పదిలోపే ఉండే ఆ అంకె, బండి నిలిచి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు బాగా పెరిగి, యాక్సిలరేటరు తొక్కగానే తగ్గిందంటే, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో ఎక్కడో పగులు ఉండే అవకాశం ఎక్కువ.

బ్యాటరీ, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) అంకెలను రోజూ చూడవచ్చు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక పూర్తిగా చార్జయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. నడుస్తున్నప్పుడు ఎక్కువ కార్లలో 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. నడుస్తున్నా 12 దగ్గరే నిలిచిందంటే, షెడ్లలో డైనమో అని పిలిచే ఆల్టర్నేటరును చూపించుకోవాలి, కొత్త బ్యాటరీ కొన్నా ప్రయోజనం ఉండదు. విజయవాడ మే నెల ఎండల్లో సిగ్నళ్ల దగ్గర కూలెంట్ వేడి క్రమంగా పెరగడం, రేడియేటరు ఫ్యాను తిరగగానే తగ్గడం చూస్తే ఆ వ్యవస్థ బాగున్నదని ధైర్యం కలుగుతుంది. డ్రైవింగులో ఈ అంకెలను పక్కనున్నవారే చూడాలి.

బ్రేకు ప్యాడ్ల అరుగుదల, క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు, వీటి గురించి ఈ పరికరానికి ఏమీ తెలియదు. చవక రకాలు చాలావరకు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగుల కోడులను కూడా చదవవు. సాకెట్‌కు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు అందుతుంది కాబట్టి, రోజుల తరబడి కదలని బండిలో రీడరును గుచ్చి వదిలేయకూడదు.

కోడును చెరిపేసే మీట విషయంలో నా సలహా ఖచ్చితమైనది: కారణం తెలియకుండా దాన్ని నొక్కవద్దు. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి ఎంతో నమోదైన సమాచారం కూడా దానితోపాటే పోతుంది. పాత కారు కొనేటప్పుడు ఇదే సంగతి కొనేవారికి పనికివస్తుంది. చెరిపిన తర్వాత కంప్యూటరు తన స్వీయ పరీక్షలను మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి, అందుకు కొంత దూరం నడవాలి. దీపం వెలగకపోయినా రీడరులో ఆ పరీక్షలు చాలావరకు 'పూర్తి కాలేదు' అని కనిపిస్తే, బండిని మనకు చూపించే ముందు ఎవరో కోడులు చెరిపారా, లేక బ్యాటరీ తీసి పెట్టారా అని అమ్మేవారిని అడగాలి, కొన్ని రోజులు నడిచాక మళ్లీ చూస్తామని చెప్పాలి.