శ్రీకాకుళంలో ఉప్పునీటి అక్వేరియం: కానిస్టర్ పోయి స్కిమ్మర్ వచ్చాక

మాది నాలుగడుగుల ట్యాంకు. వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగు చొప్పున. అంచుదాకా నింపితే 255 లీటర్లు. ఒక జత క్లౌన్ ఫిష్, కొన్ని డామ్సెల్స్ అనే చిన్న చేపలు, రాళ్ళు, అంతే. రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో ఉన్నాయి కాబట్టి ఎవరు అమ్ముతామన్నా వాటి జోలికి పోలేదు.

మొదట వాడింది కానిస్టర్ ఫిల్టరే, అంటే ట్యాంకు నీళ్ళని పైపులతో లాగి స్పాంజి గుండా తిప్పే డబ్బా. మంచినీటి చేపలకైతే దానికి వంక పెట్టలేం. ఉప్పునీటిలో మాత్రం, స్పాంజిలో చిక్కిన మేత, రెట్ట అక్కడే కుళ్ళుతాయి. బాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చి మళ్ళీ ట్యాంకులోకే పంపుతుంది. నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి, టెస్ట్ కిట్‌లో నైట్రేటు మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. తరచూ విప్పి కడిగితే ఫర్వాలేదు. కానీ పైపులు పీకి, గదంతా ఉప్పునీళ్ళు చేసుకుని వారం వారం ఎవరు కడుగుతారు?

దానికి మంగళం పాడించింది 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను. కరెంటు లేనప్పుడు కానిస్టరంటే మూత బిగించిన డబ్బా. లోపలున్న కాస్త ఆక్సిజనూ బాక్టీరియా గంటల్లో వాడేసుకుంటుంది, తర్వాత అదీ చచ్చి కుళ్ళుతుంది. కరెంటొచ్చాక స్విచ్ వేసే ముందు మూత తీస్తే గుప్పున కోడిగుడ్డు కుళ్ళిన కంపు. ఆ నీళ్ళు చేపల మీదికి పోయుంటే ఒక్కటీ మిగిలేది కాదు.

ఆ తర్వాతే ట్యాంకు కింద బల్లలో సంపు, అంటే పై నీళ్ళు దిగే రెండో తొట్టి, అందులో నురగతో చెత్త తీసే ప్రోటీన్ స్కిమ్మర్. సంపు మా ఊరి అద్దాల షాపులోనే చేయించాను. "ఏటి బాబూ, తొట్టి కింద మళ్ళీ తొట్టా?" అని నవ్వాడు గానీ, అడ్డగోడలు చక్కగా అతికించాడు. కరెంటు పోగానే పైనున్న నీళ్ళు కిందికి దిగుతాయి. మా కొలతకి పైన ఒక్క అంగుళం దిగితే సంపులోకి 14 లీటర్లు వచ్చి పడతాయి. అంత ఖాళీ ఎప్పుడూ ఉంచాలి. సంపు నీళ్ళని పైకి పంపే రిటర్న్ పైపుకి నీటిమట్టానికి కాస్త దిగువన చిన్న బెజ్జం పెడితే గాలి పీల్చుకుని సైఫన్ తెగుతుంది. నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వుని నేను నమ్మను. ఇసుక రేణువు అడ్డంపడినా అది మూసుకోదు.

స్కిమ్మర్ పని వేరు. ఉప్పునీటిలో గాలిబుడగలు ఒకదానిలో ఒకటి కలవకుండా సన్నగా నిలుస్తాయి. జిడ్డు, మాంసకృత్తులు వాటికి అంటుకుని నురగగా పైకెక్కి కప్పులో పడతాయి. అంటే చెత్త అమ్మోనియాగా మారకముందే బయటికి పోతోందన్నమాట. కొత్తలో కొన్నాళ్ళు సరిగ్గా నురగ రాదు, కంగారుపడి స్క్రూలు తిప్పకండి. నూనె ఉన్న మేత వేసిన పూటా నురగ పడిపోతుంది. కప్పులో చేరే ముదురు కషాయం కంపుకి మా ఆవిడ పెరటి గుమ్మం దాటాకే మూత తియ్యమని రూలు పెట్టింది.

నాకు నచ్చింది ఇంకోటి, గాలి. 30 డిగ్రీల దగ్గర సముద్రపు నీటిలో ఆక్సిజన్ లీటరుకి ఆరు మిల్లీగ్రాములు దాటి పెద్దగా నిలవదు. మన మే నెలలో స్కిమ్మర్ ఆ పని కూడా చేసిపెడుతుంది. సంపు మీద ఫ్యాను పెట్టాను. వడగాలి రోజుల్లో పనిచేస్తుంది, ఉక్కపోతలో దండగ. ఆవిరైపోయే నీటికి బదులు ఉప్పునీళ్ళు పోయకూడదు, ఆర్‌ఓ నీళ్ళే పోయాలి. ఇంటి ఆర్‌ఓలో టీడీఎస్ కంట్రోలర్ ఉంటే కట్టెయ్యండి, అది పచ్చి నీళ్ళు కలుపుతుంది.

కళింగపట్నం నుంచి సముద్రపు నీళ్ళు తెచ్చుకుంటే ఫ్రీ కదా అని చాలామంది అడుగుతారు. వానాకాలం వెళ్ళాక వంశధార నీళ్ళు, ఉత్తరాది నదుల నీళ్ళు తీరం వెంట దిగివచ్చి ఉప్పు 35 పీపీటీ (వెయ్యి భాగాలకి 35) కన్నా బాగా తగ్గిపోతుంది. రొయ్యల చెరువులవాళ్ళ దగ్గర ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ అడిగి చూస్తే తెలుస్తుంది. ఉప్పు తగ్గితే స్కిమ్మర్ నురగా తగ్గుతుంది. నేను ప్యాకెట్ సాల్టే కలుపుతున్నాను.

సంపులోకి దిగే నీళ్ళని వడకట్టే గుడ్డ సంచి, ఫిల్టర్ సాక్, మానేశాను. మూణ్ణాలుగు రోజులకే నిండి పొర్లుతుంది. దాని బదులు దిండ్లలో కూరే పాలియెస్టర్ దూది చవకలో చవక.

నచ్చనివీ ఉన్నాయి. డ్రెయిన్ పైపు గుడగుడ మొదట్లో నిద్ర పట్టనివ్వలేదు, వాల్వు పెట్టాక తగ్గింది. బల్ల తలుపుల లోపల ఉప్పు పొర పేరుకుంటుంది, ప్లగ్ బోర్డు పక్క గోడకి మార్చాల్సి వచ్చింది. గాలి లోపలికి పీల్చే సన్న గొట్టం ఉప్పుతో మూసుకుపోతుంది, వేడినీళ్ళు పోస్తే వదులుతుంది. పంపుని నెలకోసారి వెనిగర్‌లో నానబెడతాను. స్కిమ్మర్, రిటర్న్ పంపు రెండూ కలిపినా పాత సీలింగు ఫ్యానంత కరెంటు తినవు, అందుకే ఇన్వర్టర్ మీద పెట్టాను.

రెండడుగుల ట్యాంకైతే ఇదంతా అనవసరం. వారానికి పదిహేను శాతం నీళ్ళు మార్చుకుంటే చాలు. మూడడుగులు దాటితే మాత్రం లైట్ల మీద పెట్టే డబ్బు స్కిమ్మర్ మీద పెట్టండి. కొనేటప్పుడే స్పేర్ ఇంపెల్లర్ (పంపులో తిరిగే చక్రం) కూడా తీసుకోండి. ఇక్కడ దొరకదు, విశాఖ నుంచి కొరియర్ వచ్చేదాకా కప్పు ఖాళీగానే ఉంటుంది.