ప్రపంచ బ్యాంకు గణాంకాల సేవ: ర్యాంకు పక్కన ఉన్న గడులు చదివేవారికి

వర్ధమాన దేశాల ఆర్థికాభివృద్ధి గురించీ పాలన గురించీ చదివేవారు, రాసేవారు, పాఠాలు చెప్పేవారు ఏదో ఒక దశలో ప్రపంచ బ్యాంకు గణాంకాల దగ్గరికి రాక తప్పదు. ఒకప్పుడు చందా కట్టినవారికే అందిన ఈ గణాంకాలను 2010 ఏప్రిల్‌లో అందరికీ ఉచితంగా తెరిచారు. పేద దేశాల విశ్వవిద్యాలయాల్లో పనిచేసే పరిశోధకులకు ఆ ఒక్క నిర్ణయం చేసిన మేలు చాలా పెద్దదని నా అభిప్రాయం. ఈ సేవలో నేను ఎక్కువగా వాడేవి రెండు భాగాలు: ఆదాయం, ఆరోగ్యం, చదువు, వాణిజ్యం వంటి లెక్కలుండే ప్రపంచ అభివృద్ధి సూచికలు ఒకటి, ప్రభుత్వాల పనితీరును కొలిచే ప్రపంచవ్యాప్త పాలన సూచికలు రెండోది. మొదటిదాన్ని ఎవరికైనా నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. రెండోదాన్ని మాత్రం ర్యాంకు దగ్గరే ఆగిపోకుండా దాని పక్కన ఉన్న గడులు కూడా చదివే ఓపిక ఉన్నవారికే సిఫారసు చేస్తాను.

వాడుకలో ఈ సేవ సులువుగానే ఉంటుంది. పట్టికలు తయారు చేసుకునే డేటాబ్యాంక్ అనే వెబ్ సాధనంలో దేశాలు, సూచికలు, సంవత్సరాలు ఎంచుకుంటే పట్టిక తయారవుతుంది, దాన్ని ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు. లెక్క లేని చోట ఆ పట్టిక సున్నా వేయదు, గడిలో రెండు చుక్కలు పెడుతుంది. పేదరికం సూచికను తీసుకుని ఆఫ్రికా దేశాల వరసలు చూస్తే ఆ చుక్కలు ఎంత దట్టంగా ఉంటాయో తెలుస్తుంది. ఇంటింటి ఖర్చుల సర్వే చేయడానికి డబ్బు, సిబ్బంది, శాంతి మూడూ కావాలి కాబట్టి ఒక సర్వేకీ ఇంకో సర్వేకీ మధ్య చాలా ఏళ్ళు గడిచిపోతాయి. ఖాళీని ఖాళీగానే చూపించడం ఈ సేవలోని మంచి గుణాల్లో ఒకటి. అయితే ఇదే పట్టికలో శిశు మరణాల రేటు చూస్తే అన్ని గడులూ నిండుగా కనిపిస్తాయి. జనన మరణాల నమోదు సరిగా లేని దేశాలకు ఆ అంకెలు ఐక్యరాజ్యసమితి సంస్థల ఉమ్మడి బృందం గణిత నమూనాతో వేసిన అంచనాలు. లెక్కపెట్టిన అంకె, అంచనా వేసిన అంకె పట్టికలో ఒకే అక్షరాల్లో, ఒకే రంగులో పక్కపక్కన కూర్చుంటాయి. తేడా తెలియాలంటే సూచిక వివరణ విడిగా తెరిచి చదవాలి. కొత్తగా వచ్చేవారు దాన్ని తెరవరు, అందుకే ఆ తేడా పట్టికలోనే కనిపించేలా చేయాలని గట్టిగా కోరుతున్నాను.

స్థూల దేశీయోత్పత్తి అంకెలతో మరింత జాగ్రత్త అవసరం. ఘనా 2010 నవంబరులో తన లెక్కల ఆధార సంవత్సరాన్ని (లెక్కలకు ప్రాతిపదికగా తీసుకునే ఏడాదిని) 1993 నుంచి 2006కు మార్చినప్పుడు ఆ దేశ ఆర్థిక వ్యవస్థ పరిమాణం 60 శాతానికి పైగా పెరిగినట్లు తేలింది, ఆ తర్వాతి ఏడాదే ప్రపంచ బ్యాంకు వర్గీకరణలో అది అల్పాదాయ దేశాల జాబితా నుంచి దిగువ మధ్య ఆదాయ దేశాల జాబితాలోకి వెళ్ళింది. నైజీరియా 2014 ఏప్రిల్‌లో 1990 ఆధార సంవత్సరాన్ని వదిలి 2010కి మారగానే 2013 సంవత్సరపు ఉత్పత్తి విలువ 89 శాతం ఎక్కువై దాదాపు 51,000 కోట్ల డాలర్లకు చేరింది, దక్షిణాఫ్రికాను దాటి ఆ ఖండంలో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ అనిపించుకుంది. ఈ రెండు దేశాల ప్రజల జేబుల్లోకి ఆ రోజు అదనంగా ఏమీ రాలేదు. టెలికాం, సినిమా, చిల్లర వ్యాపారం వంటి రంగాలు పాత లెక్కలో సరిగా పట్టుబడలేదు, కొత్త లెక్కలో పట్టుబడ్డాయి, అంతే. పదేళ్ళ కిందటి పరిశోధన వ్యాసంలోని అంకె ఈనాటి పట్టికలోని అంకెతో కలవకపోవడానికి ఇలాంటి సవరణలే తరచుగా కారణమవుతాయి. ఈ చిక్కును గుర్తించి పాత సంచికల గణాంకాలను కూడా విడిగా భద్రపరిచి అందుబాటులో ఉంచారు. ఎవరు ఏ అంకెను చూసి ఏ నిర్ణయానికి వచ్చారో సరిచూసుకోవడానికి ఆ పాత సంచికలు ఎంతో ఉపయోగపడుతున్నాయి.

పాలన సూచికల తీరు వేరు. డేనియల్ కాఫ్‌మన్, ఆర్ట్ క్రాయ్ అనే ఆర్థికవేత్తలు 1990ల చివర్లో ప్రారంభించిన ఈ కృషి 1996 నాటి లెక్కలు మొదలుకొని 200కు పైగా దేశాలకూ ప్రాంతాలకూ ఆరు అంశాల్లో మార్కులు ఇస్తోంది: ప్రజల గళం–జవాబుదారీతనం (రెండూ కలిపి ఒకే అంశం), రాజకీయ స్థిరత్వం, ప్రభుత్వ సమర్థత, నియంత్రణ వ్యవస్థల నాణ్యత, చట్టబద్ధ పాలన, అవినీతి నియంత్రణ. వీటికోసం ప్రపంచ బ్యాంకు సొంతంగా ఎవరినీ ప్రశ్నలు అడగదు. వ్యాపారులకు దేశాల నష్టభయాన్ని అంచనా వేసి అమ్మే సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ రంగ సంస్థలు, పౌరుల సర్వేలు ఇచ్చే లెక్కలను గణాంక పద్ధతితో కలిపి ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క అంకెగా మారుస్తారు. ఇన్నేళ్ళుగా ప్రచురిస్తూ వచ్చిన కొలబద్ద సుమారుగా −2.5 నుంచి +2.5 వరకు ఉంటుంది.

దించుకున్న పట్టికలో ఒక దేశపు వరస తెరిస్తే అంచనా, ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకె), ఆధారాల సంఖ్య, ర్యాంకు, ఆ ర్యాంకుకు కింది హద్దు, పై హద్దు కనిపిస్తాయి. ఉదాహరణకు ఒక దేశానికి అవినీతి నియంత్రణలో అంచనా −0.40, ప్రామాణిక దోషం 0.20 అనుకుందాం. అప్పుడు ఆ దేశపు నిజమైన స్థానం −0.73కూ −0.07కూ మధ్య ఎక్కడో ఉందని 90 శాతం నమ్మకంతో చెప్పవచ్చు, అంతకుమించి చెప్పలేం. మధ్య భాగంలో దేశాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆ రెండు హద్దుల నడుమ పదుల దేశాలు ఇమిడిపోతాయి. ఒక దేశం నిరుటికంటే మూడు స్థానాలు ఎగబాకిందనో, పొరుగు దేశం రెండు మెట్లు దిగిందనో రాసే వార్తలకు ఈ పట్టిక ఏ ఆధారమూ ఇవ్వదు. తమ కొలతలో ఎంత తప్పుండే వీలుందో తయారు చేసినవారే మొదటి నుంచీ అంకె పక్కన అచ్చు వేస్తున్నారు, చిన్న తేడాలకు అర్థం లేదని వివరణల్లోనూ చెబుతున్నారు. ఇంత నిజాయితీగా పరిమితులు చూపే సూచికలు ఈ రంగంలో తక్కువే. ఆ గడులను వదిలేసి ర్యాంకును మాత్రం ఎత్తుకెళ్ళే అలవాటు వాడుకరులది.

లోపాలు సూచికలోనూ ఉన్నాయి. ఈ కొలబద్దలో ప్రపంచ సగటు ప్రతి ఏడాదీ సున్నాగానే ఉండేలా సర్దుతూ వచ్చారు, అందువల్ల ప్రపంచమంతటా అవినీతి పెరిగిందా తగ్గిందా అన్న ప్రశ్నకు అలా సర్దిన వరసల్లో జవాబు దొరకదు. ఒక దేశం మిగతావాటితో పోలిస్తే ఎక్కడుందో మాత్రమే దొరుకుతుంది. ఇంకా లోతైన అభ్యంతరాన్ని మార్కస్ కర్ట్జ్, ఆండ్రూ ష్రాంక్ అనే పరిశోధకులు 2007లో లేవనెత్తారు. ఆర్థికంగా వేగంగా పెరుగుతున్న దేశాన్ని చూసి నిపుణులు అక్కడి పాలన బాగుందని అనుకునే అవకాశం ఉంది కాబట్టి, మంచి పాలన వల్ల అభివృద్ధి వస్తుందని ఈ అంకెలతో నిరూపించబోతే ఫలితాన్నే కారణంగా చూపినట్లు అవుతుందని వారి వాదన. తయారీదారులు దానికి జవాబిచ్చారు, చర్చ ముగియలేదు. నా మటుకు, అభ్యంతరం పూర్తిగా తొలగిందని అనిపించదు, కాబట్టి వృద్ధి రేటును ఒక వైపూ పాలన మార్కును మరో వైపూ పెట్టి గీత గీసే విద్యార్థికి ఈ వాదన ముందుగా చదవమని చెబుతాను.

ఇది పండితుల మధ్య తగాదాగా మిగిలిపోతే బాధ లేదు. అమెరికా 2004లో నెలకొల్పిన మిలీనియం ఛాలెంజ్ కార్పొరేషన్ సహాయానికి దేశాలను ఎంపిక చేసేటప్పుడు ఈ పాలన సూచికలను వాడుతుంది, అవినీతి నియంత్రణలో తన ఆదాయ వర్గం మధ్యగతం (వరసలో సరిగ్గా నడిమి మార్కు) కంటే పైన ఉండడం ముఖ్యమైన షరతు. మధ్యగతానికి ఆనుకుని ఉన్న దేశం ఈ ఏడాది పైన, వచ్చే ఏడాది కింద పడడానికి అక్కడ పాలన మారనక్కరలేదు, దోష పరిమితి చాలు. ఆ తేడా మీద రోడ్లు, నీటి పథకాలు ఆధారపడి ఉన్నప్పుడు ప్రామాణిక దోషం గడిని చదవకపోవడం క్షమించదగిన అలసత్వం కాదు.

ప్రపంచ బ్యాంకే ప్రచురించిన వ్యాపార సౌలభ్య నివేదిక (డూయింగ్ బిజినెస్) చరిత్ర కూడా వాడుకరులు గుర్తుంచుకోవాలి. ర్యాంకులకు అంతటి పేరు తెచ్చిన ఆ నివేదికను 2018, 2020 సంచికల్లో చైనా, సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, అజర్‌బైజాన్ లెక్కల్లో అక్రమాలు బయటపడడంతో 2021 సెప్టెంబరులో పూర్తిగా ఆపేశారు. దాని స్థానంలో బీ-రెడీ పేరుతో కొత్త నివేదికను 2024 అక్టోబరులో 50 దేశాలు, ప్రాంతాలతో మొదలుపెట్టారు. పాత వ్యాపార సౌలభ్య అంకెలను ఇంకా ఉటంకించే వ్యాసాలు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని తీసుకునేముందు ఏ సంచికవో చూసుకోవాలి.

భాష విషయంలో ఈ సేవ ఇంకా వెనకబడే ఉంది. ప్రధాన గణాంకాల పేజీలను ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి, స్పానిష్, అరబిక్, చైనీస్ భాషల్లో చూడవచ్చు గానీ, ఎవరి జీవితాలను ఈ పట్టికలు కొలుస్తున్నాయో ఆ జనంలో కోట్లాది మంది చదివే భాషలు అక్కడ లేవు.

పాలన మీద పని చేసేవారు ఈ ఒక్క సేవతో సరిపెట్టుకోకూడదు. 1999లో మొదలైన ఆఫ్రోబారోమీటర్ సర్వే, గుర్తింపు పత్రం కోసమో పోలీసుల దగ్గరో లంచం ఇవ్వాల్సి వచ్చిందా అని పౌరులనే నేరుగా అడుగుతుంది. దీర్ఘకాలపు మార్పు కావాలనుకునేవారికి గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే, ప్రజాస్వామ్యాన్ని కొలిచే వీ-డెమ్ గణాంకాలు 1789 దాకా వెనక్కి వెళతాయి. ఈ రెండూ ఉచితమే. పాలన సూచికల్లో ఒక దేశపు అంకె అనుమానంగా కనిపించినప్పుడు నేను ముందు ఆధారాల సంఖ్య గడి చూస్తాను, ఆ తర్వాత ఏ సంస్థ ఏ మార్కు ఇచ్చిందో చూపే విడి ఫైళ్ళు తెరుస్తాను. పాలన సూచికల పేజీలోనే అవి కూడా దొరుకుతాయి.