4,500 రూపాయలకు 5,000 లైకులు

మాది కాకినాడ. మిద్దె తోట గురించి నాలుగేళ్ళుగా బ్లాగు రాస్తున్నాను. డాబా మీద 42 గ్రోబ్యాగులు, కోసి తొట్లుగా మార్చిన రెండు నీళ్ళ డ్రమ్ములు, ఎంత తరిమినా పోని పిండినల్లి ఉన్నాయి కనుక రాయడానికి కొదవ లేదు. చదివేవాళ్ళకే కొదవ. రోజుకు 30 మంది వస్తే నాకు పండగ. అందుకే కిందటి ఏడాది ఒక ప్రచార సంస్థకు 4,500 కట్టాను. మూడు నెలల్లో నా ఫేస్‌బుక్ పేజీకి 5,000 మందిని తెస్తామన్నారు.

మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. 70 రోజులకే లెక్క దాటింది. పొంగిపోయి మా అక్కకు చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆ పేర్లు ఒక్కొక్కటే చదివి, "వీళ్ళలో ఒక్కరికైనా తెలుగు వచ్చటే?" అంది. సగం ఖాతాలకు ఫోటో లేదు. మిగతావాళ్ళు రాసుకున్నది ఏ భాషో నాకు అర్థం కాలేదు. మొక్కలకు పోసే ఎరువునీళ్ళు, అదే జీవామృతం, 200 లీటర్లకు 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి అని కొలతలతో సహా టపా పెట్టిన రోజు 312 లైకులు వచ్చాయి. అక్కడి నుంచి బ్లాగుకు వచ్చినవాళ్ళు నలుగురు. అందులో ఒకరు నేనే, లింకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి.

పేజీల టపాలకన్నా బంధుమిత్రుల టపాలకు, నలుగురూ మాట్లాడుకునేవాటికి పెద్దపీట వేస్తామని ఫేస్‌బుక్ 2018 జనవరిలోనే ప్రకటించింది. ఆ లెక్కన నోరు విప్పని 5,000 మందిని కొనుక్కోవడమంటే ఖాళీ కుర్చీలకు అద్దె కట్టడమే. ఇది నాకు డబ్బు కట్టాక తెలిసింది.

పైసా ఖర్చు లేనిది పనికొచ్చింది. మిద్దె తోటల గ్రూపులో ఒకావిడ వంగ ఆకు ఫోటో పెట్టి, వెనక ఈ తెల్లటి దూది ఏమిటని అడిగారు. అది పిండినల్లి అనీ, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టమనీ అక్కడే చెప్పాను. మిగతా వివరం బ్లాగులో ఉందన్నాను. ఆ వారం 200 మంది వచ్చారు. జవాబు చెప్పకుండా లింకు మాత్రం పడేసి పోతే ఎవరూ తెరవరు, అదీ చేసి చూశాను. ఆ తరవాత వాట్సాప్ చానల్ పెట్టాను. చేరినవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి కనబడవు కనుక గ్రూపుల్లోకి రావడానికి జంకే గృహిణులు కూడా చేరారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. నాలాంటి రాతమనిషికి అది అంతగా అచ్చిరాలేదు.

ఇక డబ్బు. బ్లాగులో ప్రకటనలు వేసి మనకు డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు బ్లాగులనూ తీసుకుంటోంది. 10 డాలర్లు చేరాక చిరునామా సరిచూడడానికి పోస్టులో పిన్ వస్తుంది, 100 చేరితేనే బ్యాంకులో పడుతుంది. నాకు మొదటి 100 చేరడానికి 19 నెలలు పట్టింది. తన ఆఫీసులో అందరిచేతా ప్రకటనలు నొక్కిస్తానని మా మరిది ఉత్సాహపడ్డాడు. "ఖాతా మూసేస్తారు నాయనా" అని దండం పెట్టాను.

తొలకరికి నేతిబీర, సొర, చిక్కుడు గింజలు పొట్లాలు కట్టి, పొట్లం 20 రూపాయల చొప్పున చానల్‌లో పెట్టాను. 140 పొట్లాలు పోయాయి. అంటే 2,800. సంస్థకు కట్టినదాంట్లో ఇంకా 1,700 రాబట్టుకోవాలి. ఆ 5,000 మందిలో ఒక్కరూ గింజ అడగలేదు.

మొన్న ఆ సంస్థ అమ్మాయి ఫోను చేసి, "గడువు అయిపోయిందండీ, పొడిగిస్తే 20 శాతం తగ్గింపు" అంది. మర్యాదగానే మాట్లాడింది, పాపం. వద్దన్నాను. అయితే రేటింగైనా ఇవ్వమంది. ఐదింటికి ఒక నక్షత్రం ఇచ్చాను, అదీ అడగకుండానే జీఎస్టీ రసీదు పంపినందుకు.