గూగుల్ స్కాలర్ ప్రొఫైల్: ఉచితమే కానీ శుభ్రం చేసుకోవాల్సింది మనమే

సైటేషన్లు, అంటే మన పేపర్‌ను ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయో లెక్కపెట్టే సేవల్లో పైసా అడగని, చందా లాగిన్ అక్కర్లేని వాటిలో ఒకటి గూగుల్ స్కాలర్ ప్రొఫైల్. థీసిస్‌లు, పుస్తకాలు, ప్రీప్రింట్లు (జర్నల్లో రాకముందే బయటపెట్టిన ప్రతులు) అన్నింటినీ లెక్కలో వేసుకుంటుంది కాబట్టి ఇక్కడి అంకె చందాతో నడిచే స్కోపస్ డేటాబేస్ అంకె కంటే దాదాపు ఎప్పుడూ పెద్దదే.

తెలుగువాళ్లకు చిక్కు మొదట్లోనే వస్తుంది. ఖాతా తెరవగానే ‘ఇవి మీ పేపర్లేనా’ అంటూ గుంపులు గుంపులుగా చూపిస్తుంది. కె.ఎస్. రావు లాంటి పేరైతే అందులో చాలావరకు ఇంకెవరివో. ఇంటిపేరు ఒక జర్నల్లో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోచోట ఇనీషియల్‌గా పడితే మనవే చెల్లాచెదురవుతాయి. గుంపు మొత్తాన్ని చేర్చెయ్యకుండా ఒక్కో పేపర్ చూసి టిక్ పెట్టండి. అప్‌డేట్ల సెట్టింగులో ‘ఆటోమేటిక్’ తీసేసి, ముందు మెయిల్లో అడిగేలా పెట్టుకోండి. లేకపోతే పక్క యూనివర్సిటీ రావుగారి పేపర్లు మీ ఖాతాలో పడతాయి, ఇంటర్వ్యూలో సమాధానం చెప్పుకోవాల్సింది మీరు.

ఒకే పేపర్ ప్రీప్రింట్‌గా 9, జర్నల్లో 6 సైటేషన్లతో విడిగా కనిపిస్తే రెండూ ఎంచుకుని మెర్జ్ నొక్కాలి. అప్పుడే అది పది దాటి ఐ10-ఇండెక్స్‌లోకి (కనీసం పది సైటేషన్లున్న పేపర్ల లెక్క) వస్తుంది. అంకె పక్కన నక్షత్రం గుర్తు పడితే వేరే పేపర్ సైటేషన్లు కలిసి ఉండొచ్చని హెచ్చరిక.

హెచ్-ఇండెక్స్‌ను భౌతికశాస్త్రవేత్త హిర్ష్ 2005లో ప్రతిపాదించాడు. అయిదు పేపర్లకు 40, 18, 6, 4, 2 సైటేషన్లుంటే, కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగు కాబట్టి హెచ్ 4, ఐ10 రెండు. ఆ 40 కాస్తా 4,000 అయినా హెచ్ 4 దగ్గరే ఉంటుంది. పక్కనున్న అయిదేళ్ల కాలమ్‌ను చాలామంది ఈమధ్య రాసిన పేపర్ల లెక్క అనుకుంటారు. కాదు, పాత పేపర్లకైనా ఈ అయిదేళ్లలో వచ్చిన సైటేషన్లవి.

పెద్ద లోపం వడపోత లేకపోవడం. కంప్యూటర్ అల్లిన అర్థంలేని పేపర్లతో ఐక్ ఆంట్‌కేర్ అనే లేని మనిషికి 2010లో ఫ్రాన్స్ పరిశోధకుడు సిరిల్ లబే హెచ్-ఇండెక్స్ 94 తెప్పించాడు! సొంత సైటేషన్లు తీసేసి చూసే వీలూ ఇక్కడ లేదు, దానికి స్కోపస్ లాంటి చోటికి వెళ్లాలి.

సంస్థ మెయిల్‌తో వెరిఫై చేయకపోతే ప్రొఫైల్ వెతుకులాటలో కనబడదు, జీమెయిల్ పనికిరాదు. ఉద్యోగం మారితే మెయిల్ కూడా మార్చుకోవాలి. ప్రమోషన్ ఫైల్లో అంకె రాసేటప్పుడు ‘గూగుల్ స్కాలర్’ అనీ, చూసిన తేదీ ఇదనీ పక్కనే రాయండి.