రెండు లీటర్ల గ్రైండరూ, అమ్మ మణికట్టూ

2023 సంక్రాంతికి వారం ముందు కొన్న టేబుల్‌టాప్ వెట్ గ్రైండరు గురించి ఇన్నాళ్ళు వాడిన తరువాత రాస్తున్నాను. రెండు లీటర్ల స్టీలు డ్రమ్ము, అందులో శంకువు ఆకారంలో మూడు రాళ్ళు, కింద 150 వాట్ల మోటారు, పిండిని అంచుల నుంచి లోపలికి తోసే ప్లాస్టిక్ స్క్రాపరు: పెట్టె మీద రాసి ఉన్నది ఇంతే. కంపెనీ పేరు చెప్పడం లేదు. నేను రాయబోయేవాటిలో చాలా భాగం ఈ తరహా యంత్రాలన్నింటికీ వర్తిస్తుంది, మిగిలిన కాస్తా మా ఇంటికి మాత్రమే వర్తిస్తుంది.

మేముండేది హైదరాబాదు శివారులో ప్రగతినగర్ వైపు ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో. ఇద్దరు పిల్లలు, ఏడింబావుకు వచ్చే స్కూలు బస్సు, వారంలో నాలుగు రోజులు ఇడ్లీ లేదా దోసె. గ్రైండరు రాకముందు గేటు పక్క దుకాణంలో దొరికే పిండి ప్యాకెట్ల మీద బతికాం. ఉదయం కొన్న ప్యాకెట్టు సాయంత్రానికి దిండులా ఉబ్బేది, రెండో రోజుకు పుల్లటి వాసన వచ్చేది. మిక్సీలో రుబ్బుకుందామంటే బ్లేడ్ల వేగానికి పిండి వేడెక్కి, ఇడ్లీలు అరిగిపోయిన పచ్చీసు గవ్వల్లా గట్టిగా వచ్చేవి.

పనితనం విషయంలో ఈ యంత్రానికి వంక పెట్టలేను. మినపగుళ్ళు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు వంచేసి, డ్రమ్ము తిరుగుతుండగా గుప్పెడు గుప్పెడుగా వేస్తూ, మధ్యమధ్య చల్లటి నీళ్ళు చిలకరిస్తూ పోతే, ఇరవై అయిదు నిమిషాలకు పిండి తెల్లగా, వెన్నలా పొంగి డ్రమ్ము అంచుల దాకా వస్తుంది. చిటికెడు పిండిని నీళ్ళ గిన్నెలో వేస్తే మునగకుండా తేలాలన్నది మా అమ్మ పెట్టే పరీక్ష. మిక్సీ పిండి ఆ పరీక్షలో ఏనాడూ నెగ్గలేదు, గ్రైండరు పిండి మొదటిసారే నెగ్గింది. అవే రెండు గ్లాసుల గుళ్ళకు, అదే కొలత ఇడ్లీ రవ్వకు మిక్సీతో పదిహేడు పద్దెనిమిది ఇడ్లీలు వస్తే, దీనితో ఇరవై నాలుగు దాకా వస్తున్నాయి. గారెల పిండి మరీ బాగా కుదురుతుంది, ఎందుకంటే నీళ్ళు దాదాపు పోయకుండానే రాళ్ళు పప్పును పట్టి నలుపుతాయి.

అయితే దుకాణంలో ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటుంది. ఈ యంత్రాలకు పుట్టినిల్లు కోయంబత్తూరు. అక్కడి వెట్ గ్రైండరుకు ఆ ఊరి ప్రత్యేక ఉత్పత్తిగా భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. తమిళుల ఇళ్ళలో ఇడ్లీకి బియ్యం, మినప్పప్పు రెండూ రుబ్బుతారు కనుక డ్రమ్ము నిండుతుంది. మనం రుబ్బేది మినప్పప్పు ఒక్కటే, రవ్వను విడిగా నానబెట్టి, కడిగి, పిండి కలుపుతాం. నలుగురి ఇంటికి ఒక పూటకు సరిపడా ఒక గ్లాసు గుళ్ళు వేస్తే, అవి రాళ్ళ కిందికి పోకుండా డ్రమ్ము గోడకు అంటుకుని చుట్టూ షికారు తిరుగుతాయి. కనీసం రెండు గ్లాసులు వేయాలి, అంటే రెండు పూటల పిండి ఒకేసారి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. తాజా పిండి కోసం కొన్న యంత్రం మమ్మల్ని మళ్ళీ నిల్వ పిండికే తీసుకొచ్చింది. ఎంతైనా ప్యాకెట్టు పిండి కంటే ఇది నయం. పెసరట్టు పిండి ఇందులో వేయకండి. అల్లం పీచు స్క్రాపరుకు చుట్టుకుంటుంది. చపాతీ పిండి కలిపేది, కొబ్బరి కోరేది అంటూ ఉచితంగా ఇచ్చిన రెండు పరికరాలను ఒక్కొక్కసారి వాడి అటక మీద పెట్టేశాం.

ఆ ఏడాది సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరి నుంచి అమ్మా నాన్నా వచ్చారు. అమ్మ స్టూలు వేసుకుని గ్రైండరు ఎదురుగా కూర్చుంది. పని ఏమీ లేకపోయినా ఎడమచెయ్యి డ్రమ్ము అంచు దగ్గరికి వెళుతోంది, పిండి అంచుకు రాగానే లోపలికి తోయడానికి వేళ్ళు వంగుతున్నాయి, స్క్రాపరు ఆ పని చేసేసరికి వెనక్కి వస్తున్నాయి. నలభై ఏళ్ళ అలవాటు. మా ఇంటి పెరట్లో మునగచెట్టు కింద రుబ్బురోలు ఉండేది. ఎడమచేత్తో పిండి తోస్తూ కుడిచేత్తో పొత్రం తిప్పడం, అలసిపోతే చేతులు మార్చడం నేను చిన్నప్పుడు రోజూ చూసినదే. పండగకు సోలెడు పప్పు, మా తాతగారి తద్దినానికి రెండు సోలలు. రోలు నున్నబడితే గంట్లు కొట్టేవాళ్ళు వీధిలో కేకేస్తూ వచ్చేవారు, ఆ రోజు మొదటి వాయి పిండిలో ఇసుక తగులుతుందని పారబోసేవాళ్ళం. అమ్మ కుడి మణికట్టు మీద బొడిపె లాంటిది ఒకటి ఉంది, నొక్కితే నొప్పి అంటుంది. అది పొత్రం వల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేదు, అమ్మ మాత్రం అదే అంటుంది.

నాన్న రిటైరైన ఉపాధ్యాయుడు. గ్రైండరు తిరుగుతున్నంతసేపూ పేపరు చదివి, ఆగగానే రాజకీయం మొదలుపెట్టారు. 2011లో జయలలిత ప్రభుత్వం రేషన్ కార్డుదారులకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా పంచిన సంగతి ఎత్తి, ప్రజల సొమ్ముతో ఓట్లు కొనడం అక్కడే ముదిరిందని ఆయన వాదన. ఈ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2006 ఎన్నికల్లో డీఎంకే ప్రకటించిన కలర్ టీవీల మీదా, తరువాత వచ్చిన ఈ మిక్సీ గ్రైండర్ల మీదా వేసిన కేసులో 2013 జులై 5న తీర్పు వచ్చింది. మేనిఫెస్టోలో ఇచ్చే హామీలను ఎన్నికల చట్టం కింద అవినీతి చర్యగా పరిగణించలేమని చెబుతూనే, ఇలాంటి ఉచితాలు ఓటర్లను ప్రభావితం చేస్తాయన్నది కాదనలేమని, మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని న్యాయస్థానం ఆదేశించింది. నాన్నకు రెండో సగం మాత్రమే గుర్తుంది.

అమ్మ చెయ్యి కడుక్కుంటూ, "మీరు ఒక్క తద్దినం గారెలకి పొత్రం తిప్పి చూడండి, తర్వాత మాట్లాడదాం" అంది. నాన్న మళ్ళీ పేపరు తీశారు.

ఈ విషయంలో నేను అమ్మ పక్షం. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు, పొయ్యి పొగ ఆడవాళ్ళ ఆరోగ్యాన్ని తింటోందన్న మాట మన ప్రభుత్వాల నోట వచ్చింది, మంచిదే. కానీ పొగ కంటికి కనబడుతుంది, రోలు దగ్గర పోయిన గంట ఎవరి లెక్కలోనూ ఉండదు. మన దగ్గర అన్ని పార్టీలూ బియ్యం గురించీ, కరెంటు గురించీ, సిలిండరు గురించీ మాట్లాడాయి గానీ రుబ్బడం గురించి మాట్లాడిన నాయకుడు నాకు తటస్థపడలేదు. పంచిన యంత్రాల నాణ్యత ఎలా ఉంది, ఖజానా మీద ఎంత భారం పడింది అన్నవి అడగవలసిన ప్రశ్నలే. అయితే వాటిని అడిగేవారు ఉదయం ఇడ్లీ ఎవరి చేతి మీదుగా పళ్ళెంలోకి వచ్చిందో కూడా అడగాలి.

ప్రభుత్వాలు గ్రైండరును వంటింటి వస్తువుగా చూశాయా, విలాస వస్తువుగా చూశాయా అన్నది పన్ను చరిత్ర చూస్తే తేలదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రాతి వెట్ గ్రైండరు 28 శాతం శ్లాబులో ఉంది. ఆ నవంబరులో గువాహటిలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో దాన్ని 12కు దించారు. అదే జాబితాలో దాని పక్కన అదే రేటుకు దిగిన మరో వస్తువు యుద్ధ ట్యాంకులు. 2019లో 5 శాతానికి వచ్చింది, 2022 జులై 18 నుంచి ఒక్క గంతులో 18 శాతమైంది. నేను కొన్నది ఆ తరువాత ఆరు నెలలకు. అసలు ధర అయిదు వేలు, పన్ను తొమ్మిది వందలు, మొత్తం 5,900. ఏడాది ముందు కొని ఉంటే అదే ధరకు పన్ను 250 రూపాయలే అయ్యేది. పిండి కథ వేరు. 2017 సెప్టెంబరులో హైదరాబాదులోనే జరిగిన సమావేశంలో ఇడ్లీ దోసె పిండి మీద పన్నును 18 నుంచి 12కు, రెండు నెలల్లో 5కు తగ్గించారు. అంటే 2022 తరువాత ఇంట్లో రుబ్బుకునే యంత్రం మీద కంటే బయట కొనే పిండి మీద పన్ను తక్కువ. ప్యాకెట్టు దిండులా ఉబ్బడానికి కారణం పులియడమే అయినా, నాకు ఈ లెక్క కూడా గుర్తుకొస్తుంది.

కరెంటు ఖర్చు పట్టించుకోనక్కరలేదు. వారానికి రెండుసార్లు అరగంట తిప్పితే నెలకు ఒక యూనిట్ కూడా కాలదు. చప్పుడు మాత్రం ఉంది. మిక్సీలా చెవులు చిల్లులు పడే మోత కాదు, వంటగట్టు గుండా కిందికి దిగే సన్నని గురగుర. కింది ఫ్లాటులో రాత్రి షిఫ్టు చేసి పడుకునే కుర్రాడు ఒకడున్నాడు. వాళ్ళమ్మగారు మొహమాటపడుతూ రెండుసార్లు చెప్పారు, మూడోసారి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మర్యాదగా, పేరు లేకుండా ఒక సందేశం వచ్చింది. గ్రైండరు కింద పాత యోగా చాప మడతపెట్టి వేసి, రుబ్బడం సాయంత్రానికి మార్చాక సద్దుమణిగింది.

రెండో ఏడాది బెల్టు జారడం మొదలైంది. మోటారు తిరుగుతుంది, డ్రమ్ము కదలదు. కంపెనీ సర్వీసు నంబరుకు చేస్తే మూడు రోజుల్లో మనిషి వస్తాడన్నారు, వచ్చేసరికి పదహారు రోజులైంది. ఆలస్యం గురించి నేను నోరు తెరిచేలోపే ఆ అబ్బాయి తన పెట్రోలు డబ్బులు రెండు నెలలుగా రాలేదనీ, కొంపల్లి నుంచి మియాపూరు దాకా తానొక్కడే తిరగాలనీ చెప్పుకొచ్చాడు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. బెల్టు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. అతను మంచి మాట ఒకటి చెప్పాడు: రాళ్ళు వేసి పప్పు వేయకుండా యంత్రం నడపకూడదు, చివర్లో పిండి గట్టిపడితే ఆపకుండా రెండు చెంచాల నీళ్ళు పోయాలి.

నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు తగ్గించేది కడగడం దగ్గర. రాళ్ళ ఇరుసుకు, ప్లాస్టిక్ కాలరుకు మధ్య పిండి ఇరుక్కుంటుంది. నీళ్ళు పోసి తిప్పితే సగమే వస్తుంది, మిగతా సగానికి పాత టూత్‌బ్రష్ పట్టుకోవలసిందే. ఆరనివ్వకుండా మూత పెడితే మర్నాడు వాసన. మా బోరు నీళ్ళకు రాళ్ళ మీద తెల్లటి పొర కడుతుంది, నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. మొదటి ఏడాది ఈ పని నా భార్య చేసేది, రాళ్ళతో ఉన్న డ్రమ్మును సింకులోకి ఎత్తేటప్పుడు ఆమె మణికట్టు పట్టుకోవడం చూశాక నేను చేస్తున్నాను. రుబ్బడం తప్పింది గానీ, ఎత్తడం ఎవరో ఒకరికి తప్పలేదు. పిండి వంపడానికి డ్రమ్మును పక్కకు వాల్చే టిల్టింగ్ రకం వంపడం వరకు సాయపడుతుంది, కడగడానికి మాత్రం పనికిరాదు.

వారానికి రెండు రోజులైనా ఇడ్లీ తినే నలుగురున్న ఇల్లయితే, సంక్రాంతికీ తద్దినాలకూ గారెలు ఇంట్లోనే చేసుకునేవారైతే, ఇది కొనదగిన వస్తువే. ఇద్దరే ఉండి ఒక్కో పూటకు రుబ్బుకునేవారికి మంచి మిక్సీ చాలు. కొనేటప్పుడు దుకాణంవాడు ఖాళీ డ్రమ్ము తిప్పి చూపిస్తే సరిపెట్టుకోకుండా, రాళ్ళతో సహా డ్రమ్మును ఒక్కచేత్తో ఎత్తి చూడండి. మీ ఇంట్లో దాన్ని కడిగేది మీరు కాకపోతే, కడిగేవారిని వెంట తీసుకెళ్ళి ఎత్తించి చూడండి.