టూల్ అనుకోని చోటికి వెళ్తోంటే: గ్రాఫా, గాలిలో నడపడమా, సింగిల్ బ్లాకా? ఏది మేలు?

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో సీఎన్‌సీ (ప్రోగ్రాంతో నడిచే) మిల్లింగ్ మెషిన్లున్న షాపుల్లో కొత్తగా చేరిన ఐటీఐ కుర్రాళ్లు తరచూ అడిగేది ఇదే: "ప్రోగ్రాం బాగానే ఉందండీ, టూల్ మాత్రం ఎక్కడికో పోతోంది. తప్పు ఎలా పట్టుకోవాలి?"

మూడు దారులున్నాయి: టూల్ దారిని స్క్రీన్ మీద గీయించి చూసే గ్రాఫ్, టూల్‌ని జాబ్‌కి (కోసే ముక్కకి) పైకెత్తి గాలిలో నడపడం, ప్రోగ్రాంలో ఒక్కో లైను (బ్లాక్) దగ్గర ఆగుతూ నడిపే సింగిల్ బ్లాక్. గ్రాఫ్ త్వరగా అయిపోతుంది. ఆర్క్‌లో (వంపు కోతలో) కేంద్రం ఎక్కడో చెప్పే ఐ, జెల ప్లస్, మైనస్ గుర్తులు తారుమారైనా, ఫ్యానక్ కంట్రోలర్‌లో 50 తర్వాత చుక్క మర్చిపోయినా (మామూలు సెట్టింగ్‌లో అది 0.050 మి.మీ. అవుతుంది) గీత చూడగానే దొరికిపోతుంది. అయితే గ్రాఫ్‌కి ప్రోగ్రామే తెలుసు. బిగించిన టూల్ పొడవెంతో, జాబ్‌ని పట్టే వైస్ ఎక్కడుందో తెలీదు. నేను చూసినంతలో ఈ గొడవలు ఎక్కువగా ఆఫ్‌సెట్ల (మెషిన్‌లో నమోదు చేసే టూల్ పొడవు, జాబ్ స్థానం అంకెల) దగ్గరే వస్తాయి.

టి5 (అయిదో నంబరు టూల్) ఎక్కించి జి43 హెచ్4 (నాలుగో నంబరు పొడవు ఆఫ్‌సెట్ వాడు) అని రాశారనుకోండి. హెచ్4లో 120 ఉంది, టూల్ అసలు పొడవు 160. గ్రాఫ్‌లో గీత శుభ్రంగా వస్తుంది. జాబ్‌కి 5 మి.మీ. పైన ఆగాల్సిన మొన మాత్రం 35 లోపలికి దిగబోతుంది. జెడ్‌ని (ఎత్తుని) 100 పైకెత్తి గాలిలో నడిపితే 105 ఎత్తున ఉండాల్సిన మొన 65 దగ్గర తిరుగుతుంది. ఆ తేడా కంటికి ఆనదు.

అందుకే నా ఓటు సింగిల్ బ్లాక్‌కే. ర్యాపిడ్ (కోత లేనప్పటి వేగం) బాగా తగ్గించి, జెడ్50.కి (జాబ్‌కి 50 మి.మీ. పైకి) దిగే బ్లాక్ సగంలో ఫీడ్ హోల్డ్ (కదలిక ఆపే బటన్) నొక్కి, ఇంకా ఎంత దూరం మిగిలిందో స్క్రీన్ మీద చూడండి. పై ఉదాహరణలోనే చూస్తే, జెడ్ ఇంకా 100 దిగాలంటోంది. స్పిండిల్ (టూల్‌ని తిప్పే భాగం) పూర్తిగా ఆగాక స్కేలు పెడితే మొనకీ జాబ్‌కీ మధ్య 110 ఉంది. అంటే 50 పైన ఆగాల్సింది 10 దగ్గర ఆగుతుంది. తప్పు అక్కడే బయటపడింది, జాబూ దక్కింది. జి90 (సున్నా నుంచి కొలత) ఉండాల్సిన చోట జి91 (ఉన్నచోటి నుంచి కొలత) మిగిలిపోయిందా, జి54 బదులు జి55 (వేరే జాబ్ సున్నా) నడుస్తోందా, జి68 (ప్రోగ్రాంని కోణంలో తిప్పే కోడ్) రద్దయిందా అన్నదీ అప్పుడే చూసుకోవచ్చు. ప్రోగ్రాం మధ్యలోంచి మొదలుపెట్టినప్పుడు ఇది మరీ ముఖ్యం.

గాలిలో నడపడం ఒక్క విషయంలో మేలు. చాలా మెషిన్లలో జి0 (ర్యాపిడ్ కదలిక) తిన్నగా వెళ్లదు. ముందు ఏటవాలుగా, తర్వాత ఒక్క యాక్సిస్ మీద పోతుంది. ఆ దారిలో క్లాంప్ (బిగింపు) ఉందేమో గాలిలోనే తెలుస్తుంది. డ్రై రన్ స్విచ్ వేస్తే ఎఫ్ (కోసేటప్పటి ఫీడ్ వేగం) విలువ పనిచేయదు కాబట్టి జాబ్ ఉండగా వేయకండి.

యాక్సిస్‌లు కదలకుండా ప్రోగ్రాంని మాత్రం నడిపే మెషిన్ లాక్ కూడా ఉంది. వాడితే తర్వాత మళ్లీ రిఫరెన్స్‌కి (మెషిన్ మొదటి స్థానానికి) పంపాలి.

సింగిల్ బ్లాక్‌తో పని సాగదంటారు. జూట్ మిల్లు స్పేర్ ఒక్కటి చేసే చోట ఆ మాట నిలవదు. పొడవాటి ప్రోగ్రాముల్లో టూల్ మారిన ప్రతిసారీ మొదటి కోత పడేవరకు ఉంచి, ఆ తర్వాత తీసేయండి.