పాత పోలో జీటీకి 15, 16, 17 ఇంచుల చక్రాల్లో ఏది మేలు? జేబులో 60 వేలే ఉన్నప్పుడు

మా బాబాయి కొడుకు మొన్న 2015 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 1.2 లీటర్ టర్బో, 105 పీఎస్ పవర్, 7 గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్). దీన్ని స్పోర్ట్స్ కారు అంటారా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి, మన జేబుకి అందే స్పోర్ట్స్ కారు ఇదే. బండి ఇంటికొచ్చి వారం కాలేదు, "అన్నా, 17 ఇంచుల అలాయ్స్ వేయిస్తా, 60 వేలు పక్కన పెట్టిన" అని ఫోన్. ఎందుకురా అంటే సమాధానం చెప్పకుండా ఒక ఫొటో పంపాడు. నల్ల రిమ్ములు, అంచున ఎర్ర గీత. ఫొటోలో బాగుంది, కాదనను. నేనూ నాలుగేళ్ల కింద అలాంటి ఫొటో చూసే మోసపోయాను.

వాడి ముందున్నవి మూడు దారులు. ఉన్న 15 ఇంచుల రిమ్ములే ఉంచుకుని 185/60 బదులు 195/60 ఆర్15లో మంచి టైర్లు వేయించడం ఒకటి (మొదటి అంకె టైరు వెడల్పు మి.మీ.లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తర్వాతది రిమ్ము ఇంచులు). ఇదే జీటీకి తర్వాత కంపెనీయే ఇచ్చిన 16 ఇంచుల రిమ్ములు ఎక్కడైనా పాతవి పట్టుకుని 195/55 ఆర్16 వేయించడం రెండోది. బయట దొరికే 17 ఇంచుల రెప్లికాలు (కంపెనీ డిజైన్‌కి నకలు రిమ్ములు), వాటికి 205/45 ఆర్17 టైర్లు మూడోది. 60 వేలకి నేనైతే మొదటిదే అంటాను. రెండోదానికి కొన్ని షరతులతో ఒప్పుకుంటాను. మూడోది ఈ బడ్జెట్‌లో వద్దు.

17 గురించే ముందు చెప్పాలి, ఎందుకంటే అందరి మనసూ అక్కడే ఉంటుంది. దాని గొప్పదనం నిజమే. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతుంది, 15 మీద ఉండే ఆ చిన్న తడబాటు ఉండదు. అనంతగిరి ఘాట్ మలుపుల్లో నా చేతికి తెలిసేది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 లాంటి టైరు వేస్తే ఆ మజా ఇంకో మెట్టు. కానీ అలాంటివి నాలుగు కొంటే టైర్లకే బడ్జెట్ ఖాళీ, రిమ్ములు అప్పు చేసి కొనాలి. అందుకే చాలామంది చేసేదేంటంటే, 45 వేలు పెట్టి రిమ్ములు కొని, మిగిలిన 15 వేలకి పేరు ఎప్పుడూ వినని టైర్లు ఎక్కించుకుంటారు. నేనూ అదే చేశాను. చూడటానికి షోరూమ్ బండి, తడి రోడ్డు మీద బ్రేక్ నొక్కితే సబ్బు మీద నిలబడ్డట్టు.

ఇక టైరు గోడ లెక్క. కంపెనీ 185/60కి గోడ ఎత్తు 111 మి.మీ., 195/60కి 117, 195/55కి 107, 205/45కి వచ్చేసరికి 92. అంటే 17 వేస్తే 15 మీద పెద్ద టైరుతో పోల్చి దాదాపు ఒక ఇంచు మెత్త పోయినట్టు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద 120లో పోయేటప్పుడు ఆ ఇంచు గుర్తుకే రాదు. కానీ మనం రోజూ తిరిగేది 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ మీద కాదు కదా, మూసాపేట, టోలిచౌకి, మెహిదీపట్నం మీదుగా ఆఫీసుకి. వానాకాలంలో గుంత ఎంత లోతో తెలియదు, నీళ్లు నిండి అద్దంలా ఉంటుంది. నాకు తగిలింది అలాంటిదే, రాత్రి పదిన్నరకి, మూసాపేట దాటాక. ఢమ్ అని ఒక్క శబ్దం. దిగి ఫోన్ లైట్ వేసి చూస్తే పైకేం లేదు. తెల్లారి చేత్తో తడిమితే లోపలి వైపు గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు. లోపల దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది, దానికి ప్యాచ్ లేదు, రిపేరు లేదు, టైరు మార్చడమే. రిమ్ము కూడా వంగింది. టైరు అమ్మిన షాపుకి పోతే, "ఏం గాదన్నా, ఇంకో ఆర్నెల్లు నడుస్తది" అన్నాడు. ఆ మాట నమ్మి ఓఆర్ఆర్ ఎక్కేంత ధైర్యం నాకు లేదు.

ఇంకో సంగతి, బరువు. ఆ సెట్టు తీసేశాక పాత పేపర్లు కొనేవాడి కాటా అడిగి తూచాను, ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. కంపెనీ 15 రిమ్ము 8 కిలోల లోపు, నా 17 రెప్లికా పదిన్నర. టైరుతో కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. తిరిగే బరువు అది, బండి లాగాలన్నా ఆపాలన్నా దాన్ని కూడా తిప్పాలి, ఆపాలి. 105 పీఎస్ బండికి కాలు కింద ఆ తేడా తెలుస్తుంది. ఒత్తిడితో సాగదీసి, నొక్కి చేసే తేలికైన ఫ్లో ఫార్మ్‌డ్, ఫోర్జ్‌డ్ రిమ్ములు వేరే కథ, వేరే ధర.

16 సంగతి. దీనికి పెద్ద సాక్ష్యం కంపెనీయే, ఇదే బండికి తర్వాత 195/55 ఆర్16 ఇచ్చింది కాబట్టి సస్పెన్షన్‌కి, చక్రం పైనుండే ఆర్చ్‌కి సరిపోతుందా అన్న టెన్షన్ లేదు. పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం కొలత) 5×100, మధ్య రంధ్రం 57.1 మి.మీ., అన్నీ అవే, రంధ్రం పెద్దదైతే ఖాళీ పూడ్చే హబ్ రింగులు అక్కర్లేదు. కొలత మాత్రం చూసుకోండి. పాత 185/60 ఆర్15 మొత్తం ఎత్తు 603 మి.మీ., 195/55 ఆర్16ది 621, దాదాపు 3 శాతం ఎక్కువ. మీటరు 100 చూపిస్తే మునుపటికంటే ఇంకో 3 ఎక్కువ పోతున్నట్టు. 205/50 ఆర్16 అయితే 611, పాతదానికి ఇంకాస్త దగ్గర.

ఇబ్బందల్లా పాత రిమ్ములు కొనడంలో. రాణీగంజ్‌లోనో, ఎవరైనా బండి అమ్ముతూ విడిగా ఇచ్చేవో దొరుకుతాయి, నేను అడిగిన చోట సెట్టు 22 వేల నుంచి 26 వేలు చెప్పారు. కొనే ముందు బ్యాలెన్సింగ్ మెషీన్ మీద ఉత్త రిమ్ము తిప్పించండి, అంచు కిందికీ పైకీ ఊగుతుంటే వంగిందని లెక్క. లోపలి వైపు తిప్పి చూడండి, కొత్తగా పెయింట్ కొట్టి ఉంటే దాని కింద వెల్డింగ్ ఉందేమోనని అనుమానించండి. అమ్మేవాడు తిప్పనివ్వనంటే అక్కడే వదిలేసి రండి. మంచి సెట్టు దొరికితే టైర్లతో కలిపి బడ్జెట్ సరిగ్గా సరిపోతుంది, రూపాయి మిగలదు.

మొదటి దారిలో మాత్రం మిగులుతుంది, నాకు అదే నచ్చుతుంది. 195/60 ఆర్15లో మిషెలిన్ ప్రైమసీ 4 లాంటిదో, కాంటినెంటల్ యూసీ6 లాంటిదో వేస్తే నాలుగూ అటూ ఇటూగా 30 వేలు, అలైన్‌మెంట్‌తో కలిపి ఇంకాస్త. టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత రేటు చెబితే అడగండి. మిగతా డబ్బుతో ముందు బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్, అరిగిన బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు). పదేళ్ల బండి కదా, స్టీరింగ్ వదులుగా ఉందని 17 వేద్దామనుకునేవాళ్లలో సగం మందికి నిజంగా కావాల్సింది బుష్‌లు. చూడటానికి ఏ మార్పూ ఉండదు, పక్కింటివాళ్లు గుర్తుపట్టరు, అది ఒప్పుకుంటాను.

ఏది కొన్నా టైరు గోడ మీద నాలుగంకెలు చదవండి. 1225 అంటే 2025లో 12వ వారం తయారీ. రెండేళ్ల పాత స్టాకు డిస్కౌంట్ పేరుతో అంటగడతారు. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువుకి కోడ్) కూడా పాతదానికంటే తగ్గకూడదు, 84 అంటే టైరుకి 500 కిలోలు, 88 అంటే 560. టైరు గాడుల లోతు 1.6 మి.మీ.కి తగ్గేదాకా చట్టం ఊరుకుంటుంది కానీ మన వానలకి 3 దగ్గరే మార్చేయడం నయం. నైట్రోజన్‌కి డబ్బులు అడిగితే నవ్వి ఊరుకోండి, మామూలు గాలిలోనే 78 శాతం అదే.

మావాడు మూడు రోజులు అలిగి, చివరికి 16 సెట్టు ఒకటి పట్టుకున్నాడు, రెండు రిమ్ములు తిప్పి చూసి మూడోది ఊగిందని వదిలేసి వచ్చాడు. ఇప్పుడు 195/60 బుక్ చేశాడు. 17 ఫొటో మాత్రం ఇంకా ఫోన్ వాల్‌పేపర్‌గా ఉంది. ఎప్పటికైనా వేస్తానంటున్నాడు కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నా: ఫోక్స్‌వ్యాగన్ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బయటి రిమ్ములకి చాలావాటికి కోను ఆకారం బోల్టులు కావాలి, ఒకటి ఇంకోదానిలో సరిగ్గా కూర్చోదు. బిగించేది 120 న్యూటన్ మీటర్లకి, టార్క్ రెంచ్‌తో, ఎయిర్ గన్‌తో కాదు. ఇంటికి తెచ్చిన ఆ పాత గుండ్రం బోల్టులు పారేయకుండా ఐదు డిక్కీలో పెట్టుకోవాలి. స్టెప్నీ కంపెనీదే కదా, రాత్రిపూట పంక్చరైతే దానికి పట్టేవి అవే.